లోకుట్టు గుర్రానికెరుక

దారమా, నీకు దండము. తెగినచో ముడివేసి వాడుకొందురు, చిక్కుపడినచో తిట్టి పారవేయుదురు. నీ ఉపకారము తలచినవాడు లేడు. నోట తడిసి, కొస పదునెక్కి, సూది బెజ్జములోనికి తొలి ప్రయత్నముననే దూరు ఆ అరుదైన క్షణము వలె నేడు నాకు అనుకూలించి ఈ కథ నడిపింపుము. రాజ్యముల కొరకు జరిగిన యుద్ధములను పాడుటకు పెద్ద కవులు కలరు. ఒక ప్యాంటు కొరకు జరిగిన యుద్ధమును పాడుటకు నేను తప్ప దిక్కు లేదు.

సకల జనులును కొక్కెములకు వ్రేలాడు సిద్ధవస్త్రములనే కొని, అవి పట్టనిచో వస్త్రమును గాక తమ పొట్టను నిందించుకొనుచుండు ఈ తలక్రిందుల కాలమున. రెండు వాహనములు ఎదురుపడినచో వాటి యజమానులు దిగి ఒకరి వంశమును ఒకరు విచారించుకొను ఒక ఇరుకు వీధియందు. తలుపు తెరువవలెనన్న బల్ల జరుపవలసియు, బల్ల జరుపవలెనన్న తలుపు మూయవలసియు ఉండు ఒక అంగడిలో. మానసూత్రకంఠుడు, కర్తరీధరుడు, సూచీముఖాయుధుడు, పాదఘట్టనమాత్రమున యంత్రమును గర్జింపజేయు ప్రచండుడు, అనగా మెడలో టేపును చేతిలో కత్తెరయు గల ఒక దర్జీ కలడు. వీధి వీధంతయు ఆయనను మాస్టారు అని పిలుచును. పిలుచుటకు ఖర్చేమున్నది?

ఆ మహావీరుడు కొత్త ప్యాంటు కుట్టి చాలకాలమైనది. ఆయన అంగడికి సరిగా ఎదురుగా, అద్దాల తలుపులతో, తలలేని బొమ్మలతో ఒక రెడీమేడ్ దుకాణము వెలసినది. జనులు ప్యాంట్లు అచట కొందురు. అవి పొడవైనచో వీధి దాటి వచ్చి, "మాస్టారూ, కాస్త కాళ్ళు కత్తిరించి పెట్టండి" అందురు. ఒకప్పుడు పెండ్లికొడుకులకు సూట్లు కుట్టిన చేయి ఇప్పుడు ఎదుటివాని సరుకునకు కాళ్ళు కత్తిరించి బ్రతుకుచున్నది. ఆ అంగడిలో కుట్టుయంత్రములు రెండు కలవు. రెండవది మాస్టారి భార్యది. దానిపై ఒక పాత దుప్పటి కప్పి, ఆ దుప్పటిపై కత్తిరించిన కాళ్ళను పోగువేయుదురు. ఆ పోగును చూచినప్పుడెల్ల ఆమెకు కడుపు మండును. మండదా మరి.

పోనీ ఆ దుకాణదారుడు పరాయివాడా అన్న, కాదు. మాస్టారి భార్యకు స్వయాన చెల్లెలి మగడు, మాస్టారికి తోడల్లుడు. శత్రువు పరాయివాడైనచో తలుపు మూసికొనవచ్చును. తోడల్లుడైనచో ప్రతి శుభకార్యమునను తెచ్చి ప్రక్క కుర్చీలోనే కూర్చుండబెట్టుదురు.

కవులు తమ కావ్యములను ఆశ్వాసములుగా ఎందులకు విభజింతురో నాకు ఏనాడును బోధపడలేదు. ఇందు అశ్వము కలదు గనుక ఈ ఒక్క కావ్యమునకే ఆ మాట అమరినదని నా అభిప్రాయము. ఇక గ్రీష్మాశ్వాసము.

ఎండ ముదురుచున్న ఒక ఉదయమున, వీధి చివరి మైదానములో గుర్రపుస్వారీ నేర్పు కోచ్ మేడం, మోకాళ్ళ వరకు బూట్లతో గడప దాటి వచ్చి, బల్లపై ఒక జీన్స్ ప్యాంటు విసరెను.

"అతుకు వెయ్యండి మాస్టారూ. మళ్ళీ అక్కడే చిరిగింది. ప్యాంటు పోతే పోయింది, పిల్లలకి తొడలు ఒరుసుకుపోతున్నాయి. ఎక్కి దిగితే మర్నాడు క్లాసులో కూర్చోలేకపోతున్నారట."

"ఎక్కడ కొన్నారు?" అని మాస్టారు తెలిసియే అడిగెను.

"ఇంకెక్కడ, ఎదురుగానే. జీను మీదికి జీన్సే కరెక్టట. పేర్లోనే ఉందట."

ఈ తర్కము తోడల్లునిది. ఈ లెక్కన కుక్కరు కుక్కల కొరకే పుట్టినదనవలెను. అయినను ఆ ఒక్క మాటతో వాడు స్వారీబడి పిల్లలందరికిని జీన్స్ అంటగట్టెను. తెలివితక్కువ మాట గట్టిగా చెప్పినచో అమ్ముడుపోవును.

అంతట మాస్టారు, ప్రళయకాలమేఘము వలె లేచి, టేపును ఉత్తరీయము వలె సవరించుకొని ఇట్లనెను: "ఓ తురగశిక్షాధురంధరీ! నా సూది నడిచిన బాటను లాగి చూచినవారు కలరు గాని చింపి చూపినవాడు ఇంకను పుట్టలేదు. ఎండ మండనీ, వాన దంచనీ, చలి కొరుకనీ, నేను కుట్టిన ప్యాంటు తొడిగి గుర్రమెక్కినవాడు నవ్వుచు ఎక్కి నవ్వుచు దిగును. దిగనినాడు ఈ కర్తరిని విసర్జించి కాషాయము ధరింతును, ఆ కాషాయమును కూడ నేనే కుట్టుకొందును!" అని కావ్యమర్యాద కొరకు నేను వ్రాయుచున్నాను. ఆయన నోట నిజముగా వెడలినది ఇంతే: "నేను కుట్టిపెడతా మేడం. చిరిగితే నన్నడగండి."

"కుట్టడం కాదు," అని ఆమె అనెను. "మీరే తొడుక్కుని ఎక్కాలి. మా దగ్గర ఎండా, వానా, చలీ అని సెలవుల్లేవు. ఏ కాలంలోనైనా సరే, మీ ప్యాంటు మీరే వేసుకుని మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిరిగి దిగండి. దిగి నా ఎదురుగా చెక్క స్టూలు మీద మొహం ముడుచుకోకుండా కూర్చోండి. చాలు. మా స్వారీ స్కూలు బట్టల ఆర్డరంతా మీకే. చలికాలం అయ్యేలోపు మీవల్ల కాకపోతే, మొత్తం ఆయనకే రాసిచ్చేస్తా. నాకు రోజూ ఈ చిరుగుల గొడవ వద్దు."

గెలిచినచో రెండవ యంత్రముపై దుప్పటి తొలగును. ఓడినచో జన్మాంతము వరకు కాళ్ళు కత్తిరించుటయే. ఈ సంగతి మాస్టారికిని తెలియును, కాజాలు కుట్టుచు తలయెత్తని ఆయన భార్యకు ఇంకను బాగుగా తెలియును.

గుమ్మము దగ్గర చెవి ఆనించి నిలిచిన తోడల్లుడు ఊరకుండునా? "అన్నయ్యా, మీరు గుర్రమా! స్కూటర్ వెనకాల కూర్చుంటేనే కళ్ళు గట్టిగా మూసుకుంటారు కదా. జాగ్రత్త, ఎముకలు మా షాపులో దొరకవు."

"మీ షాపులో దొరికేవాటికే మేం రోజూ రిపేర్లు చేస్తున్నాం లెండి మరిదిగారూ," అని భార్య దారము కొరికెను.

ఆ వాదము గెలిచినది ఆమె. యుద్ధమునకు పోవలసినది మాత్రము ఆయన.

మాస్టారి యోచన ఎట్లున్నదో వినుడు. గుర్రపు వీపు మొరటుది. మొరటుదానికి మందపుగుడ్డ కావలెను. లోకములో మందపుగుడ్డ యనగా సోఫాలకు వేయు గుడ్డ. కావున ఎండలు నిప్పులు చెరుగు దినములలో ఆయన సోఫాగుడ్డతో, నల్లనిదానితో, ప్యాంటు కుట్టుకొని తొడిగెను. పైన పావడావలె ఊగు వదులు చొక్కా, కాళ్ళకు చెప్పులు, తలపై గడ్డిటోపీ. చంకలో గొడుగు, భుజాన తువాలు, ఒక చేత నీళ్ళ బిందె, మరియొక చేత సంచి. ఆ సంచిలో కత్తెర, టేపు, సూదులు, విసనకర్ర. దారిలో కుట్టు విడినచో గుర్రముపైననే కుట్టుకొనవలెనని ఆయన సంకల్పము.

కోచ్ మేడం ఆయనను ఎగాదిగా చూచెను. "మాస్టారూ, గుర్రం ఎక్కడానికి వచ్చారా, ఇల్లు మారుతున్నారా?"

గడ్డిటోపీ తీయించి, గుర్రపుబడి హెల్మెట్ పెట్టించెను. చెప్పులు చూచి తల కొట్టుకొనెను. "చెప్పులతో రికాబులో కాలు పెడితే కాలు అవతలికి దూరిపోతుంది. పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. కాస్త మడమ ఎత్తున్న బూట్లు కావాలి. ఆ గొడుగు అక్కడ పెట్టండి. నీళ్ళు తెచ్చారు, అదొక్కటే మంచిపని, కానీ బిందెతోనా?"

అరువు బూట్లు తొడిగి మాస్టారు ఎక్కిన గుర్రము పేరు నిదానం. ముసలి ఆడగుర్రము. నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పిరి. ఆ గుర్రమునకు మాత్రము ప్రధానమైనది మరియొకటి లేదు. ఈగ వాలినచో తోక ఎత్తుటకు కూడ కొంతసేపు ఆలోచించును. అట్టి మహాతురంగముపై ఆరూఢుడై, సూర్యుడు నెత్తిపై కూర్చుండగా, సోఫాగుడ్డ లోపల ఉడుకుచు, చెమట ధారలు కట్టి తొడలకును జీనుకును నడుమ జిగురు వలె పట్టగా, మన వీరుడు మైదానములో పావుచుట్టు సాగెను. అచట ఒక చెట్టు నీడ కలదు. నిదానం ఆ నీడలో నిలిచెను. ఎంత అదిలించినను కదలలేదు. గుర్రమునకున్న బుద్ధి రౌతునకు లేనందుకు ఆమె ఏమి చేయును?

మాస్టారు దిగెను. దిగెననుట కవిమర్యాద, జారెననుట సత్యము. స్టూలు దగ్గరకు పోలేదు, దానిని దూరమునుండి చూచియే నమస్కరించెను. ఆ వారమంతయు ఆయన నిలిచియే యంత్రము త్రొక్కెను, నిలిచియే అన్నము తినెను. "ఎండాకాలంలో సోఫా కట్టుకుని ఊరేగేవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు," అని భార్య మందు పూసి అటు తిరిగి నవ్వెను. తోడల్లుడు ఇటు తిరిగియే నవ్వెను.

వర్షాశ్వాసము చిన్నది, ఏలయన అందులో వీరుడు ఎక్కువసేపు పైన ఉండలేదు.

ఎండకు మందపుగుడ్డ తప్పని తెలిసినది గదా, వానకు నీరంటని గుడ్డ ఒప్పని ఆయన తలచెను. లారీ సరుకుపై కప్పు టార్పాలిన్ తెచ్చి, దానితో ప్యాంటును, చీలమండల వరకు దిగు కోటును కుట్టెను. ఒక చుక్క కూడ లోనికి దూరదు. నిజమే, గాలి కూడ దూరదు. ఈసారి రెండు గొడుగులు కొనిపోయెను. రెండవది ఎవరికని కోచ్ మేడం అడుగగా, "దానిక్కూడా జలుబు చేస్తుంది కదా మేడం" అని నిదానమును చూపెను. ఈ లోకములో వెర్రి దయకు కొదువ లేదు.

"గొడుగు తెరిస్తే గుర్రం బెదురుతుంది, మూసి అవతల పెట్టండి. ఆ కోటేంటి మాస్టారూ, అంత పొడవు? వానకోటు పొట్టిగా, ఒంటికి అంటుకుని ఉండాలి. రెపరెపలాడేదేదీ గుర్రం దగ్గరకి తేకూడదు."

"గుండీలు పెట్టాను మేడం, రెపరెపలాడదు," అని ఆయన మొండికేసెను.

గాలి వీచెను. కోటు అంచు ఎగిరి ఫటఫటమని మ్రోగెను. జన్మలో ఎన్నడును తొందరపడని నిదానం, తన వెనుక ఏదో పెద్దపక్షి వాలినదని భ్రమించి, నాలుగు అడుగులు పరుగెత్తెను. ఆ నాలుగే ఆమె జీవితకాలపు పరుగు. టార్పాలిన్ ప్యాంటు జారును, తడిసిన జీను జారును. జారుడు జారుడుతో కలిసినప్పుడు మధ్యనున్నవాడు ఏమగునో పిల్లలకు కూడ తెలియును. మాస్టారు, కులపర్వతము కూలినట్లు, బురదలో కూర్చుండెను. కూర్చుండెను గాని అది స్టూలు కాదు గనుక లెక్కకు రాదు.

బూట్లలోనికి బురదనీరు పోయినది. రెండు గొడుగులు తెచ్చిన ఆ దూరదర్శి పొడి మేజోళ్ళ జత ఒకటి తేలేదు. ఇంటికి వచ్చి తుమ్మి తుమ్మి సగము వీధిని మేలుకొల్పెను.

ఆ సాయంకాలము తోడల్లుడు స్వయముగా వీధి దాటి వచ్చి, ఇంత మొగము చేసికొని, "పోనీలే అన్నయ్యా. ఆర్డరు నాకొస్తే మాత్రం ఏం? కాళ్ళు కత్తిరించే పని మొత్తం మీకే ఇస్తాను. బయటివాళ్ళకెందుకిస్తాను చెప్పండి" అనెను. నేను పాడిన ఈ కథలో ఇంతకంటె నీచమైన మాట మరియొకటి లేదు. దయవలె వినబడు మాట గనుక తిరిగి తిట్టుటకు కూడ వీలులేదు. మాస్టారు తలవంచుకొని బల్లపై సున్నము వంటి సుద్దముక్కతో గీతలు గీచెను, చెరిపెను, మరల గీచెను. ఆయనకు అవమానమైనది. చాల అవమానమైనది.

చలి వచ్చెను. ఆఖరి కాలము, ఆఖరి అవకాశము. మాస్టారు అంగడిలో కూర్చుండి, ఉన్ని మందముగా వేసి మూడవ ప్యాంటు కత్తిరింపబోవుచుండగా భార్య కత్తెరను లాగికొనెను.

"ఏవండీ, ఒక్కటడుగుతాను. ఇన్నేళ్ళలో కూర్చున్న మనిషికి ఎప్పుడైనా కొలత తీశారా?"

"కూర్చుంటే కొలతెలా వస్తుందే? నిటారుగా నిలబడాలి."

"గుర్రమ్మీద కూడా నిటారుగా నిలబడతారా? సర్కస్‌లో చేరారా?"

ఈ వీరుడు తన జీవితములో ఖాతాదారులకు చెప్పిన మాట ఒక్కటే: "నిటారుగా నిలబడండి." పెండ్లికొడుకునకు అదే, పొట్టవానికి అదే, కుంటివానికి అదే. మనుష్యులు కూర్చుందురనియు, వంగుదురనియు, కాళ్ళు చాపుదురనియు ఆయన టేపునకు తెలియనే తెలియదు. అనుభవము అనునది ఒక్కొక్కప్పుడు ఒకే తప్పును నేర్పుగా చేయుటయే.

ఆమె ఇస్త్రీబల్లపై పరచు దుప్పటిని గట్టిగా చుట్టి, మందపు చుట్టను బెంచీకి కట్టెను. "ఊఁ, ఎక్కండి."

"వీధిలో చూస్తారే!"

"బురదలో పడ్డప్పుడు చూళ్ళేదా? ఎక్కండి."

కాళ్ళు అటొకటి ఇటొకటి వేసి, పాత ప్యాంటుతో ఆయన ఆ దుప్పటిగుర్రము నెక్కెను. ఎక్కినంతనే మోకాలు దగ్గర గుడ్డ బిగిసెను. వెనుక నడుము దగ్గర బెత్తెడు ఖాళీ తేలెను. ఆమె గుండుసూదులు పండ్ల నడుమ పట్టుకొని, ఒక్కొక్కటి గ్రుచ్చుచు, మోకాలిని నొక్కి, నడుమును గిల్లి చూచుచు విసుగుగా గొణిగెను: "అసలీ గుర్రపుప్యాంటు లోకుట్టేంటో పెరుమాళ్ళకే ఎరుక."

"ఏమన్నావ్?"

"లోగుట్టన్నాను."

"కాదు, లోకుట్టన్నావు."

"నోట్లో సూదులు పెట్టుకుంటే అలాగే పలుకుతుంది. దానికేంటి, కళ్ళు అంత చేస్తారు?"

మాస్టారు చేయి క్రిందికి పోనిచ్చి తాను కూర్చున్నచోట తడిమెను. ప్యాంటు లోపలి ప్రక్క, కాలు పొడవునా దిగు కుట్టు, నాలుగు మడతల గుడ్డ ఒకచోట చేరిన ఆ గట్టి వరుస, సరిగా ఆయన బరువంతయు మోయు ఎముక క్రింద త్రాడువలె పడియున్నది. నిలిచిన మనుష్యునకు ఆ లోకుట్టు గాలిలో ఉండును, ఎవరిని ఏమియు చేయదు. జీనుపై కూర్చున్నవానికి అదే రంపము. ఎండలో ఆయన తొడను కోసినది ఎండ కాదు. పిల్లలను కోయుచున్నదియు గుర్రము కాదు.

లోగుట్టు పెరుమాళ్ళకెరుక యను సామెత అందరును ఎరిగినదే. లోకుట్టు మాత్రము ఎక్కినవాని తొడకును, వాని ఆర్తనాదము వినిన గుర్రమునకును తప్ప అన్యులకు ఎరుక లేదని ఆనాడు తేలినది.

"దాన్ని అక్కడ లేకుండా చెయ్యాలి," అని మాస్టారు ఎట్టకేలకు అనెను. "కుట్టుని పక్కకి జరిపేసి, కూర్చునే చోట మోకాలిదాకా ఒకే మెత్తటి ముక్క వెయ్యాలి. కానీ... అతుకులా కనపడుతుందే. కొత్త ప్యాంటుకి అతుకా? చూసినవాళ్ళు నవ్వరూ?"

"కాళ్ళు కత్తిరించే దర్జీ అని ఇప్పుడు నవ్వట్లేదా?"

ఆ మాట సూదికంటె లోతుగా దిగెను. ఆయన లేచి, రెండవ యంత్రముపై నున్న కత్తిరించిన కాళ్ళ పోగును రెండు చేతులతో ఎత్తి మూలకు వేసెను. దుప్పటి తీసెను. ఆమె యంత్రమునకు నూనె పోసెను. ఆయన కాళ్ళు కుట్టెను. ఆమె అతుకు కుట్టెను. సాగుగుణము గల గుడ్డ, ఒంటికి పట్టినది, లోకుట్టు లేనిది. ఒక్క ప్యాంటునకు ఇద్దరు దర్జీలా అని నవ్వువారు నవ్వుదురు గాక.

యుద్ధదినమున ఉదయము మంచు కురియుచుండెను. మాస్టారు మరల తన పూర్వస్వభావమును పొందెను. రెండు స్వెట్టర్లు, వాటిపై మోకాళ్ళు దాటు కోటు, తలకు కోతిటోపీ, మెడకు ఇరువైపుల వ్రేలాడు మఫ్లరు, చేతులకు రొట్టెల పొయ్యి దగ్గర వాడు తొడుగులవంటి మందపు తొడుగులు. సంచిలో కంబళి, ఫ్లాస్కు, వేడినీళ్ళ తిత్తి.

భార్య గుమ్మమునకు అడ్డముగా నిలిచెను. "కోటు తీసెయ్యండి, జీను కింద ఇరుక్కుంటుంది. లోపల పల్చటి బనీను, దానిమీద ఒక్క స్వెట్టరు, పైన పొట్టి జాకెట్టు. మఫ్లరు మెడకి చుట్టి కొసలు లోపల దోపండి. ఆ చేతితొడుగులేంటి, పగ్గం పట్టుకున్నదీ లేనిదీ తెలుస్తుందా వాటితో? ఇవిగో పల్చటివి. సంచి ఇలా ఇవ్వండి."

"కనీసం ఫ్లాస్కు..."

"పొడి మేజోళ్ళు ఒక జత, గుర్రానికొక క్యారెట్టు. చాలు. పదండి, నేనూ వస్తాను."

మైదానమున తోడల్లుడు అప్పటికే వేంచేసి యుండెను. తన సరుకు సత్తువ చూపుటకై తానును ఎక్కుదునని కోచ్ మేడంతో చెప్పెనట. కొత్త నీలి జీన్స్, తళతళలాడు జాకెట్టు, జెండావలె ఎగురు మఫ్లరు. మఫ్లరును కోచ్ మేడం కొన పట్టి లాగివేసెను. వాడు ముందుగా నిదానము నెక్కి, పెండ్లిఊరేగింపులో వలె చేయి ఊపుచు చుట్టు పూర్తి చేసి దిగెను. మోము చిరునవ్వుతో వెలుగుచుండెను. నడక మాత్రము కొద్దిగా విశాలమైనది. దిగినవాడు స్టూలు వైపు పోక, కంచెకు ఆనుకొని, "ముందు అన్నయ్య కూడా కానివ్వండి" అనెను.

అంతట కవచధారి, అతుకుప్యాంటుధారి, ధర్మపత్నీదత్తక్యారెట్టుధారి యగు మాస్టారు, మడమబూటును రికాబులో నిలిపి, ఒక్క ఊపున కాదు గాని మూడవ ఊపున తురగారూఢుడయ్యెను. గిట్టల చప్పుడు భేరీనాదమై, మంచుతెరలు శత్రుసేనలై చీలిపోవుచుండ, ముక్కునుండి ఆవిరి విడుచుచు, గుర్రమెవరో రౌతెవరో తెలియకుండ ఇద్దరును ఆవిరి విడుచుచు సాగిరి. పావుచుట్టు అయినది. ఆ చెట్టు వచ్చినది. నిదానం నిలిచినది.

ఎండలో నిలిచిన చోటనే నిలిచినది. ఇప్పుడు నీడతో పనిలేదు. అలవాటు తప్ప కారణము లేదు. కంచె దగ్గర తోడల్లుడు దగ్గెను. దుప్పటి తీసిన యంత్రము, మూలన వేసిన కాళ్ళ పోగు, మరల ఆ పోగును ఎత్తి ఎక్కడ పెట్టవలసి వచ్చునో, అన్నియు మాస్టారికి ఒక్కసారి తోచెను. అదిలింపలేదు. పల్చని తొడుగులలోనుండి పగ్గము కొసన గుర్రపు నోరు మెల్లగా ఆడుట ఆయన వ్రేళ్ళకు తెలిసెను. మడమలు రెండును సున్నితముగా ఆనించి, "నాకూ భయంగానే ఉందమ్మా. పోదాం పద," అనెను.

ఇది మాత్రము నేను కల్పించిన ప్రసంగము కాదు. ఆయన అన్నమాటే అది.

నిదానం ఆలోచించెను. చాలసేపు ఆలోచించెను. ఒక అడుగు వేసెను. తరువాత మరియొకటి. తాబేలు చూచినచో సిగ్గుపడదు గాని, చుట్టు పూర్తియైనది.

మాస్టారు దిగెను. ఈసారి జారలేదు. కోచ్ మేడం చెక్క స్టూలు తెచ్చి మధ్యన వేసెను. మైదానమంతయు నిశ్శబ్దమయ్యెను; ఉన్నది ఐదుగురే యనుకొనుడు, అందులో ఒకరు గుర్రము. ఆయన స్టూలును చూచెను, భార్యను చూచెను, కూర్చుండెను.

కనుబొమ ముడివడలేదు. పెదవి వంకర పోలేదు.

"లేవండి," అని కోచ్ మేడం అనెను. "మళ్ళీ కూర్చోండి."

లేచెను, కూర్చుండెను. పైగా కాలుమీద కాలు వేసెను. అడుగకయే వేసిన ఆ రెండవ కాలు కేవలము గర్వము. దానిని నేను క్షమించుచున్నాను.

ఆమె వంగి, మోకాలి దగ్గర అతుకును తడిమి, లోకుట్టు కొరకు వెదకి, కానక, "సరే," అనెను. "రేపొచ్చి పిల్లలకి కొలతలు తీసుకోండి."

"ఇక్కడికి రమ్మనండి మేడం," అని మాస్టారు మెడలోని టేపు తీసెను. "నిలబెట్టి కాదు. గుర్రాలెక్కించి తీస్తాను."

భార్య కన్నులు తుడుచుకొనెను. చలికి నీరు వచ్చినదని చెప్పెను, ఎవ్వరును అడుగలేదు. ఆపై ఆమె మాస్టారి జేబులోని క్యారెట్టును తీసి నిదానమునకు పెట్టి, ఇంకొక స్టూలును తానే మోసికొని పోయి, కంచెకు ఆనుకొనియున్న చెల్లెలి మగని ముందు మర్యాదగా వేసెను.

"నిలబడ్డారేం మరిదిగారూ, కూర్చోండి."

"పర్లేదొదినా," అని తోడల్లుడు కంచెను ఇంకను గట్టిగా పట్టుకొనెను. "రోజంతా షాపులో కూర్చునే ఉంటాను. కాస్త నిలబడితేనే బాగుంది."

దిక్కులారా, వినుడు! సముద్రములు దాటి రాజ్యములు గెలిచినవారు సింహాసనములపై కూర్చుండిరని గ్రంథములు ఘోషించుచున్నవి. ఈ మంచు ఉదయమున, ఈ బురదమైదానమున, ఒక దర్జీ ఒక చెక్క స్టూలుపై కూర్చుండెను. తోడల్లుడు మధ్యాహ్నము వరకు నిలిచియే యుండెను.